కార్పొరేటరు గారికి సన్మానం: శాలువా కొనే ముందు

అమ్మా,

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకే తెలుస్తుంది. అనంతపురంలో మీ వార్డు కమ్యూనిటీ హాలులో ప్రతి ఆదివారం ఇరవై మంది దాకా పిల్లలకు డ్యాన్సు, నాటకం నేర్పిస్తున్నారు. వాళ్లలో వినపడని పిల్లలే ఎక్కువ. చూపు లేనివాళ్లు నలుగురు, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లు ఇద్దరు. మీ కార్పొరేటరు రెండేళ్లుగా హాలు అద్దె లేకుండా చేశారు, స్టేజీకి ర్యాంపు కట్టించారు, పోయిన డిసెంబరు 3న పిల్లల నాటకం చివరిదాకా కూర్చుని చూశారు. ఆగస్టులో ఆయనకు సన్మానం చేయాలని మీ ఆలోచన. ఎట్లా చేయాలి, పత్రంలో ఏం రాయాలి, రాజకీయం అంటుకుంటుందేమో, అసలు అది ఆయన డ్యూటీయే కదా అని మీ తల్లిదండ్రుల్లోనే కొందరు అంటున్నారు, వాళ్లకేం చెప్పాలి అని అడిగారు.

నేను తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా పద్యనాటకాలతో ఈ జిల్లాలో తిరిగాను. కుడికాలికి పోలియో. అందువల్ల సన్మానాలు చేసేవాళ్ల వరసలోనూ కూర్చున్నాను, "పాపం, ఆ సారునూ స్టేజీ మీదికి పిలవండప్పా" అనిపించుకునే వరసలోనూ కూర్చున్నాను.

డ్యూటీయే కదా అన్నవాళ్ల మాట తప్పు కాదు. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ పూర్తిగా కళలు, వినోదం గురించే. వైకల్యం ఉన్న కళాకారులకు, రచయితలకు సౌకర్యాలు, అండ, స్పాన్సర్‌షిప్ ఇవ్వడం, కళలను వాళ్లకు అందుబాటులోకి తేవడం ప్రభుత్వాల పని అని అందులో ఉంది. అదే చట్టం 45వ సెక్షన్ పాత ప్రభుత్వ భవనాలను అందరూ వాడుకునేలా మార్చడానికి ఐదేళ్ల గడువిచ్చింది. ఆ గడువు రూల్స్ వచ్చినప్పటి నుంచి లెక్క, అవి వచ్చింది 2017 జూన్‌లో. లెక్క వేసుకోండి, 2022లోనే గడువు తీరిపోయింది. అంటే మీ ర్యాంపు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. రావాల్సిందే, ఆలస్యంగా వచ్చింది.

అయినా థాంక్స్ చెప్పాల్సిందే అంటాను నేను. చట్టం అన్ని ఊళ్లకూ ఒకటే, మెట్లు తప్ప వేరే దారి లేని స్టేజీలు మాత్రం ఇప్పటికీ ఊరూరా ఉన్నాయి. కండక్టరు జీతానికే పని చేస్తాడు. అయినా నా కర్ర చూసి బస్సు ఇంకో నిమిషం ఆపిస్తే దిగేటప్పుడు "మంచిదప్పా" అనకుండా దిగలేను. నాకు పడనిది ఒకటే, హక్కును దానంగా మార్చేసే పొగడ్త. అది చేయకుండా మెచ్చుకోవడం కొంచెం కష్టమైన విద్య, మన సన్మాన సభల్లో అలవాటు లేని విద్య.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. హాలు అద్దె మాఫీ నోటి మాట మీద నడుస్తోందా, కాగితం మీద ఉందా కనుక్కోండి. మునిసిపల్ హాలు అద్దె మామూలుగా కార్పొరేటరు ఒక్కరి మాటతో రద్దయ్యేది కాదు. కౌన్సిల్ తీర్మానమో కమిషనరు ఉత్తర్వో ఉండాలి. చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, కార్పొరేటరు ఫోన్ చేస్తాడు, తాళాలు దగ్గరుండే ఉద్యోగి తెరుస్తాడు, అంతే. అట్లా నడిచేది ఆ ఉద్యోగి ట్రాన్స్‌ఫరైనా ఆగిపోతుంది, ఎన్నికల్లో మనిషి మారినా ఆగిపోతుంది. మీ సన్మానం వంకతో ఆ కాగితం బయటికి తీయండి. "సార్, పత్రంలో మీరు చేసిన పని తీర్మానం నంబరు, తేదీతో సహా రాద్దామనుకుంటున్నాం, కాపీ ఇప్పిస్తారా" అని అడగండి. ఉంటే మహదానందంగా ఇస్తారు. లేకపోతే, నా అనుభవంలో, సన్మానం నాటికి పుట్టుకొస్తుంది. తన పేరు మీద ఫ్రేము కట్టే పత్రంలో ఆ గడి ఖాళీగా ఉండటం ఏ నాయకుడికీ ఇష్టం ఉండదు.

ఇక ర్యాంపు. మీరు ఫోటో పెట్టలేదు కాబట్టి అడుగుతున్నా, కొలిచారా? ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు ఉండాలని లెక్క. మీ స్టేజీ రెండున్నర అడుగులుంటే ర్యాంపు ముప్పై అడుగులు రావాలి. స్థలం లేక మలుపు తిప్పినా సరే, మలుపు దగ్గర వీల్‌చెయిర్ తిరిగేంత చదును ఉండాలి. మనవాళ్లు చాలాచోట్ల పది అడుగుల్లో ముగించి, పైన నున్నగా సిమెంటు పూసి, పక్కన ఫలకం పెట్టేస్తారు. దాని మీద వీల్‌చెయిర్ ఎక్కాలంటే వెనక ఇద్దరు తోయాలి, దిగేటప్పుడు ముందు ఇద్దరు పట్టుకోవాలి. నేనైతే అట్లాంటివాటి మీద కన్నా మెట్ల మీదే నయం అనుకుంటాను, కర్ర జారదు. మీది సరిగ్గా ఉంటే ఆ కొలత పత్రంలో రాయండి. సరిగ్గా లేకపోతే సన్మానం రోజు ఎత్తిచూపొద్దు. ఒక నెల ముందే ఆయన్ను పిలిచి, మీ ఇద్దరు పిల్లల్లో ఒకరిని ఎవరూ తోయకుండా ఎక్కి చూపించమనండి. మీరేం మాట్లాడక్కర్లేదు.

ఒక సభ గురించి చెప్తాను. ఊరు, సంస్థ పేర్లు వద్దు. చాలా ఏళ్ల కిందటి మాట. ఒక పెద్దాయనకు సన్మానం, ముందు వినపడని ఆడపిల్లల డ్యాన్సు. ఐదున్నరకు మొదలవ్వాల్సింది. ఆయన వచ్చేసరికి ఎనిమిది. పిల్లలు మూడు గంటల నుంచీ మేకప్‌లో ఉన్నారు, చెమటకు కాటుక చెంపల మీదికి వచ్చేసింది. సరే, మొదలైంది. వినపడని పిల్లలు ఎట్లా ఆడతారో మీకు నేను చెప్పాలా? టీచరు స్టేజీ ముందు, ప్రేక్షకులకు అడ్డం రాకుండా కింద కూర్చుని చేతులతో లెక్క చూపిస్తూ ఉంటుంది. వాళ్ల కళ్లన్నీ ఆ చేతుల మీదే. సరిగ్గా పల్లవి మలుపులో దండలు పట్టుకున్న జనం స్టేజీ ముందుకు వచ్చి నిలబడ్డారు, పెద్దాయన మెడలో వేయడానికి. టీచరు కనపడలేదు. ఒక్కొక్కరు ఒక్కో చోట ఆగిపోయారు. చివరి వరసలో ఒక చిన్నది మాత్రం ఆగలేదు. వంగి, నిలబడినవాళ్ల పంచెల మధ్య నుంచి టీచరు చేతులు వెతుక్కుంటూ, వంగే ఆడింది. వెనక వరసలో ఎవరో "పాపం, మర్చిపోయినట్లుండారు" అన్నారు. నేనూ అప్పుడు దండ పట్టుకున్నవాళ్లలో ఉన్నాను. అది ఇప్పటికీ నాకు గుర్తొస్తూ ఉంటుంది.

కాబట్టి క్రమం ఇట్లా పెట్టుకోండి. పిల్లల నాటకం ముందు, పూర్తిగా. ఆయన ఆలస్యమైతే ఆయన లేకుండానే మొదలు. ఈ సంగతి ఆయనకు ముందే గౌరవంగా చెప్పండి: "సార్, ఆరుకు మొదలుపెడతాం, పిల్లలకు ఎక్కువసేపు కూర్చోవడం కష్టం." చివరిదాకా కూర్చుని చూసిన మనిషి కాబట్టి అర్థం చేసుకుంటారు. ఆట అయ్యాక పది నిమిషాల్లో సన్మానం. ఉపన్యాసాలు ఇద్దరివి చాలు. మధ్యలో లేచి దండలేసే కార్యక్రమం వద్దు, దండలు వేసేవాళ్లందరూ గేటు దగ్గర వేసుకోవచ్చు.

లైట్ల సంగతి కూడా. సన్మానం టైములో హాలు చీకటి చేసి ఒక్క ఫోకస్ లైటు వేయడం ఈ మధ్య ఫ్యాషను. చీకట్లో సైగలు కనపడవు. సైగల భాష చెప్పే మనిషి మాట్లాడేవాళ్ల పక్కనే, మీద వెలుగు పడేలా నిలబడాలి. చప్పట్ల బదులు రెండు చేతులు పైకెత్తి ఆడించడం ప్రేక్షకులకు ముందే నేర్పండి. కార్పొరేటరు గారు స్టేజీ మీద నిలబడి చూసేసరికి హాలంతా చేతులు ఆడుతుంటే, ఆయనకు ఏ దండా అంత గుర్తుండదు.

స్టేజీ సిమెంటుదైతే చెక్క పలకలు పరిపించండి, అద్దెకు దొరుకుతాయి. డప్పు ఆ పలకలకు ఆనించి కొడితే దరువు పిల్లల పాదాలకు తెలుస్తుంది. మా నాటకాలకు డప్పు కొట్టే ఆయన ఒకసారి అట్లాంటి పిల్లల కోసం వాయించాడు. రిహార్సల్‌లో ఒక పిల్లాడు చెప్పులు విప్పేసి, పలక మీద అరికాలు పెట్టి, "ఇంకొంచెం గట్టిగా" అని చేత్తో సైగ చేశాడు. ఆయన అప్పటిదాకా మెల్లగా కొడుతున్నాడు, పిల్లలు భయపడతారని. ఆ తర్వాత ఉరుములవాళ్ల లాగా మోత మోగించాడు.

ఇప్పుడు పత్రం. నేనే నలభై దాకా సన్మానపత్రాలు రాసి ఉంటాను. "కళాపోషక చక్రవర్తీ, దీనజన బాంధవా, వికలాంగుల పాలిటి కల్పవృక్షమా" బాపతు. ఒక పత్రంలో పేరు మార్చి ఇంకొకరికి చదివినా ఎవరూ గుర్తుపట్టలేదు. అంటే చూడండి, అందులో ఎంత సమాచారం ఉందో. మీకు అట్లాంటిది వద్దు. ఇట్లా ఉంటే నాకు నచ్చుతుంది:

"మా ఆదివారం క్లాసుకు ఈ హాలు రెండేళ్లుగా అద్దె లేకుండా ఇప్పించారు. స్టేజీకి ముప్పై అడుగుల ర్యాంపు కట్టించారు. అంతకుముందు మాలో ఇద్దరం స్టేజీ కింది నుంచే మాటలు చెప్పేవాళ్లం, ఇప్పుడు పైనుంచి చెప్తున్నాం. డిసెంబరు 3న మా నాటకం గంటా పది నిమిషాలు జరిగింది. మీరు ఫోను చూసుకోకుండా చూశారు. మేం గమనించాం."

అంకెలు మీవి వేసుకోండి. తీర్మానం నంబరు కింద చిన్న అక్షరాల్లో. ఇది పిల్లల మాటగా ఉండాలి, వాళ్లతో కూర్చుని రాయండి. వాళ్లు గమనించేవి మనకు తట్టవు. చదివేది కూడా చూపు లేని పిల్లల్లో ఒకరైతే బాగుంటుంది, బ్రెయిలీలో. అందుకు కనీసం వారం ముందు మాటలు ఖాయం చేసి ఆ పాపకు ఇవ్వాలి. ముందురోజు రాత్రి "ఒక లైను కలుపుదాం" అంటే కుదరదు, అది మనలాంటి పండితులకు మంచి క్రమశిక్షణ. వేళ్లతో చదువుతుంటే మైకు చేత్తో పట్టుకోలేదు కాబట్టి స్టాండు కావాలి, దాని ఎత్తు ముందే సరిచేయాలి. ఆమె చదువుతుండగా మధ్యలో ఎవరూ శాలువా తెచ్చి హడావుడి చేయొద్దు.

పదాల గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు గొడవ పెడతారు. మా చిన్నప్పుడు అన్న మాటలు ఇక్కడ రాయను. తర్వాత వికలాంగులు వచ్చింది, 2015 చివర్లో ప్రధాని రేడియోలో అన్నప్పటి నుంచి దివ్యాంగులు, మన రాష్ట్ర ప్రభుత్వ శాఖ పేరులో విభిన్న ప్రతిభావంతులు. నన్నడిగితే పత్రంలో ఇవేవీ వద్దు, "ఆదివారం క్లాసు నటులు" అని రాయండి. తప్పక రాయాల్సిన చోట అధికారిక పేరు వాడండి. దివ్యాంగుడు అంటే నాకేదో నవ్వొస్తుంది, నా మోకాలి నొప్పిలో దివ్యత్వం ఏమీ కనపడలేదు. కొందరికి ఆ మాటే గౌరవంగా అనిపిస్తుంది, వాళ్లతో వాదించను. మీ క్లాసులో పెద్ద పిల్లలను అడిగి ఖాయం చేయండి.

బహుమతికి శాలువా, మెమెంటో బదులు నిమ్మలకుంట తోలుబొమ్మ గానీ తోలు లాంతరు గానీ తీసుకోండి. ఆ ఊరు ఇప్పుడు సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, ధర్మవరం మండలమే కదా, మనకు దూరం కాదు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. నేను ఇది చెప్పేది గొప్పకు కాదు. బొమ్మ మీద నగలు, అంచులు వెలుతురు కోసం సన్నటి రంధ్రాలుగా పొడుస్తారు. మీ చూపు లేని పిల్లలను తీసుకెళ్లండి, ఆ రంధ్రాల వెంట వేలు పెట్టి వాళ్లే ఏది బాగుందో ఎంచుతారు. ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పండి. ఒకే రోజు రెండు కళలకు అండగా ఉన్నట్లు అవుతుంది, ఖర్చు కూడా ఊళ్లోనే ఉంటుంది.

తేదీ ఆగస్టు అన్నారు కాబట్టి 2వ తేదీ చూడండి. నాటక నటుడు బళ్లారి రాఘవ పుట్టినరోజు. 1880లో మన తాడిపత్రిలోనే పుట్టాడు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో, ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి వాళ్లను స్టేజీ ఎక్కించిన మనిషి. ఆ మాట చెప్పుకుంటే మీ క్లాసు ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు. మా నాటకాల్లో ధృతరాష్ట్రుడి వేషం ఎన్నోసార్లు చూశాను, కళ్లు మూసుకుని తడుముకుంటూ నడిచే నటుడే ప్రతిసారీ. హార్మోనియం దగ్గర మాత్రం నిజంగా చూపు లేని ఆయన కూర్చునేవాడు, పద్యం ఎవరు ఎక్కడ తప్పినా ఆయనే అందించేవాడు. ధృతరాష్ట్రుడి పద్యాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఆ వేషం ఆయనకు ఇద్దామని మాకెవ్వరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, కాలు ఈడుస్తూ నడిచేవాణ్ణి నాకు కూడా.

రాజకీయం తప్పక అంటుకుంటుంది, పూర్తిగా తప్పించలేరు. తగ్గించవచ్చు. ఫ్లెక్సీలో ఆయన ఫోటో కన్నా పిల్లల నాటకం ఫోటో పెద్దగా ఉండాలి, పార్టీ రంగులు వద్దు. పిల్లల ఫోటోలకు తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోండి, ఎవరికి ఏ వైకల్యమో ఎక్కడా రాయొద్దు. ఎన్నికల కోడ్ ఉంటే కార్యక్రమం వాయిదా వేసేయండి, అర్థం లేని టెన్షన్. ఇంకొకటి, ఇది విని మీ కమిటీలో సగం మంది లేచి నిలబడతారు: పోయినసారి ఆయన మీద ఓడిపోయిన అభ్యర్థినీ పిలవండి. ముందు వరసలో కుర్చీ వేయండి. రేపు ఆయన గెలిస్తే హాలు తాళం ఆయన చేతిలోకే వస్తుంది. ర్యాంపు ఎక్కే పిల్లను కళ్లారా చూసినవాడు అద్దె అడగడానికి ఒకసారి ఆలోచిస్తాడు. కార్పొరేటరు గారికి ముందే చెప్పి చేయండి, చాటుగా చేస్తే అవమానం అనుకుంటారు.

ఆ సభలోనే ట్రైసైకిళ్ల పంపిణీ, వినికిడి మిషన్ల పంపిణీ పెడదామని ఆయన మనుషులు అడగొచ్చు. వద్దనండి. అవి కావాల్సినవే, ఇంకో రోజు పెట్టుకోమనండి. ఒకే స్టేజీ మీద పొద్దున చేయి చాచినవాడిని సాయంత్రం నటుడిగా చూడటం జనానికి రాదు. అట్లాగే మీరు కూడా ఆ రోజు కొత్త అర్జీ ఇవ్వొద్దు. బాత్రూం తలుపు వెడల్పు చేయించాలనో, సైగల భాష టీచరు కావాలనో మీకూ లిస్టు ఉండే ఉంటుంది. పది రోజులు ఆగి ఆఫీసుకు వెళ్లి ఇవ్వండి. మెచ్చుకుని వెంటనే చేయి చాస్తే, ముందు మాటలన్నీ అందుకే అన్నామనుకుంటారు.

చివరగా, ఆ ర్యాంపు కార్పొరేటరు చేత్తో కట్టలేదు కదా. కొలతలు వేసిన ఇంజినీరు ఉంటాడు, తాపీ మేస్త్రీ ఉంటాడు. వాళ్లకూ పిలుపు పంపండి. మేస్త్రీకి మాత్రం మీరు స్వయంగా వెళ్లి చెప్పండి, కార్డు పంపితే పనికి పిలిచారేమో అనుకుంటాడు. సాయంత్రం ఆరుకు, భార్యాపిల్లలతో, ఉత్త చేతులతో రమ్మనండి.